నామమును నాదమును: వాద్యరచనల పేర్లపై ఒక పరిశీలన

గానమునకు సాహిత్యము ప్రాణమని కొందరును, నాదమే ప్రాణమని కొందరును చిరకాలముగా వాదించుచున్నారు. ఈ వాదమున ఉభయపక్షముల వారును అంతగా పట్టించుకొనని విషయమొకటి కలదు. మాటలు బొత్తిగా లేని వాద్యరచనకు సైతము ఒక మాట మిగిలియే యుండును. అది దాని పేరు. వీణమీదనో, నాగస్వరము మీదనో, గిటారు మీదనో, డప్పు మీదనో పలికిన రచనలో పల్లవి లేదు, చరణము లేదు; కాని దానిని శ్రోతకు పరిచయము చేయునప్పుడు ఏదో యొక పేరు చెప్పక తప్పదు. ఆ పేరు వినుటతోడనే శ్రోత మనస్సులో ఒక కథ మొలకెత్తును. పిమ్మట వినబడు ప్రతి స్వరమును ఆ కథకు సాక్ష్యముగా తోచును. ఆ కథ ఒక్కొక్కప్పుడు రచయిత ఉద్దేశించినదే కావచ్చును. ఒక్కొక్కప్పుడు విమర్శకుడో, లోకమో కల్పించినది కావచ్చును.

సంగీతవిద్వాంసులకు రాగతాళములు ముఖ్యములు గనుక వారు ఈ పేర్లను గూర్చి పెద్దగా విచారింపరు. సాహిత్యవిమర్శకులు వాద్యసంగీతము తమ పరిధిలోనిది కాదని విడిచిపెట్టుదురు. ఇట్లు ఇరువురి నడుమ పడి ఆ పేర్లు దిక్కులేనివైనవి. పేరు మాటయే కనుక, దానిని పరిశీలించు బాధ్యత భాషాసాహిత్యశాఖలదే యని మా యభిప్రాయము. ఈ వ్యాసమున మేము నిరూపింపదలచినది ఒక్కటే. వాద్యరచనకు పేరే ఏకైక సాహిత్యము. పేరును, దాని వెనుకటి కథను, నాదమును కలిపి భద్రపరుపనిచో కాలక్రమమున వానిలో ఏదో యొకటి మాత్రమే మిగులును.

మొదట మన సంప్రదాయమును చూతము. కర్ణాటక సంగీతమున కృతికి వేరుగా పేరు పెట్టు ఆచారము లేదు. పల్లవిలోని తొలి మాటలే కృతికి పేరు. త్యాగరాజస్వామి కృతిని వైణికుడు వాయించునప్పుడు ఎవ్వరును నోటితో పాడరు. అయినను తెలుగు శ్రోతకు తంత్రిపై సాహిత్యము వినబడుచునే యుండును. వైణికుడు కూడ సాహిత్యాక్షరములు పడుచోటులను గుర్తెరిగియే మీటు వేయును. తెలుగు రాని శ్రోతకు అదే కృతి కేవలము స్వరరచన. మీటు ఒకటే, గమకమొకటే. ఒకనికి పాట, వేరొకనికి నాదము. కావున మన కచేరీలలో వాద్యసంగీతమనబడునది చాలవరకు మాటను లోపల దాచుకొన్న గానమే. 13వ శతాబ్దమున దేవగిరి యాదవుల ఆస్థానమున సంగీతరత్నాకరమును రచించిన శార్ఙ్గదేవుడు గీత వాద్య నృత్తములు మూడును కలిసి సంగీతమగునని నిర్వచించి, నృత్తము వాద్యమును, వాద్యము గీతమును అనుసరించునని చెప్పినాడు. అనుసరించునది గనుక వాద్యమునకు స్వతంత్రమైన పేరుతో పని లేకపోయినది.

అట్లని కేవల వాద్యరచనలు మనకు లేవనరాదు. దక్షిణదేశపు ఆలయములలో స్వామి ఉత్సవమునకు వెడలునప్పుడు నాగస్వరముపై వాయించు మల్లారికి సాహిత్యము లేదు. తీర్థమునకు, నైవేద్యమునకు, రథోత్సవమునకు వేర్వేరు మల్లారులు కలవు. ఆయా సందర్భమే ఆయా మల్లారికి పేరు. మా ఓరుగల్లు ప్రాంతపు పల్లెలలో డప్పు దరువులకును ఇదే న్యాయము వర్తించును. పెండ్లి దరువు వేరు, చావు దరువు వేరు, జాతర దరువు వేరు. వాద్యకారుడు డప్పును మంటకు కాచి, బిగువు చూచుకొని, కుడిచేతి సిర్రతోను, ఎడమచేతి చిటికెన పుల్లతోను దెబ్బ వేయును. పొలములో నున్నవాడు ఒక్క మాటయు వినకయే, దరువును బట్టి ఊరిలో ఏమి జరుగుచున్నదో గ్రహించును. ఇచ్చట పేరునకును నాదమునకును నడుమ ఎడము లేదు. దరువు వెనుక నున్న కథ యేమని ఎవ్వరును అడుగరు. జరుగుచున్న పెండ్లియే, లేచుచున్న శవమే ఆ కథ.

అయితే ఈ పేర్లలో ఒక చేదు కూడ కలదు. శుభమునకును అశుభమునకును పిలిచి వాయింపించుకొన్న సమాజమే ఆ వాద్యకారులను అంటరానివారని ఊరివెలుపల నుంచినది. చావు దరువు అను పేరు లయభేదమును తెలుపు సంజ్ఞగా నిలువక, వాయించువానిపై వేసిన ముద్రగా మారినది. మల్లారి పేరును పండితులు గౌరవముతో ఉచ్చరింతురు. డప్పు దరువుల పేర్లను గ్రంథస్థము చేయవలెనని తలచినవారు బహుకాలము వరకు అరుదు. రెండును సందర్భమును బట్టి వచ్చిన పేర్లే. రెండును మాటలేని రచనలే. భేదము నాదమున లేదు, వాయించువాని పుట్టుకను జూచి లోకము కల్పించిన కథలో నున్నది. 1994లో షెడ్యూల్డు కులముల వర్గీకరణకై బయలుదేరిన ఉద్యమము మాదిగ దండోరా యను పేరును ధరించుటతో ఈ కథ తిరుగబడినది. ఇతరుల ఆజ్ఞలను ఊరికి చాటుటకు వేసిన దెబ్బ పేరు, తమ కోర్కెను తామే లోకమునకు చాటుకొనువారి పేరైనది. దెబ్బ మారలేదు, దాని వెనుకటి కథ మారినది. పేరును సామాన్యమైన చీటిగా భావించువారు ఈ యొక్క ఉదాహరణమును ఆలోచింపవలెను.

తెలుగు జానపదకళలలో ఇంకొక వింత గమనింపదగినది. హనుమకొండకు సమీపమున ఐనవోలులో మల్లన్న జాతర జరుగునప్పుడు ఒగ్గు కథకులు మల్లన్న కథను చెప్పుదురు. ఒగ్గు అనునది వారి చేతిలోని చిన్న వాద్యము. కథ మల్లన్నది, పేరు మాత్రము వాద్యముది. బుర్రకథకు బుర్ర అను తంత్రీవాద్యమును బట్టియు, జముకుల కథకు జముకును బట్టియు పేర్లు వచ్చినవి. అనగా మన పల్లెలలో కథయే వాద్యమునుండి పేరు పుచ్చుకొన్నది. వాద్యము కథకు తోడుగా నుండి, దానికి తన పేరునే యిచ్చినది. ఆధునిక వాద్యరచయిత చేసినది దీనికి సరిగా విపర్యయము. అతడు కథను నోట చెప్పక, వాద్యమునకు కథనుండి పేరు తెచ్చినాడు.

ఈ మార్పునకు కారణము 20వ శతాబ్దపు సాధనములు. గ్రామఫోను రికార్డుపై అంటించు చీటిమీద ఏదో యొక పేరు ముద్రింపక తప్పదు. రేడియోలో ప్రకటనకర్త వాద్యమునకు ముందు ఏదో యొక మాట పలుకక తప్పదు. చలనచిత్ర సంగీతశాలలలో సన్నివేశమునకు తగిన వాద్యఖండములను కూర్చుట ఒక వృత్తియైనది. కృతి కాని, వర్ణము కాని, తిల్లానా కాని కానట్టి క్రొత్త రచన పుట్టినప్పుడు దానికి శాస్త్రములో సిద్ధముగా నున్న పేరు లేదు. పేరు పెట్టుటయు రచనలో భాగమైనది.

తెలుగువారిలో ఈ మార్గమున ముందు నడచినవారు వైణికులు ఈమని శంకరశాస్త్రిగారు. ద్రాక్షారామమున 1922లో జన్మించి 1987లో కీర్తిశేషులైన వీరు మదరాసులోని జెమినీ స్టూడియోలో పనిచేసి, పిదప ఆకాశవాణిలో చేరి, ఢిల్లీలో జాతీయ వాద్యబృందమునకు నాయకత్వము వహించిరి. వీరి శిష్యులు చిట్టిబాబుగారు కాకినాడలో 1936లో జన్మించిరి, 1996లో మరణించిరి. గురుశిష్యులిరువురును సంప్రదాయ కచేరీలయందు నిష్ణాతులే. అయినను స్వతంత్రవాద్యరచనలు చేసి వానికి పేర్లు పెట్టిరి. గురువుగారి ఆదర్శ శిఖరారోహణము, భ్రమర విన్యాసము. శిష్యుని కొమ్మలో కోయిల ప్రసిద్ధములు. ఈ మూడు పేర్లను పక్కపక్కన నుంచి చూచినచో పేరునకును నాదమునకును గల సంబంధము ఎన్ని విధములుగా నుండునో తెలియగలదు.

కోయిల కూత స్వయముగా ధ్వని. వీణపై దానిని అనుకరించుట సాధ్యము. వీణకు 24 మెట్లు, 4 వాయించు తంత్రులు, 3 తాళపు తంత్రులు ఉండును. మెట్టుపై తంత్రిని నొక్కి పక్కకు లాగినచో స్వరము తెగకుండ పైకి జారును. కోయిల కూతలోని ఆ జారుడు మెట్టునకు మెట్టు దూకిన రాదు. ఒకే మెట్టుపై లాగవలెను. చిట్టిబాబుగారి వ్రేలి నేర్పు అచ్చటనే యున్నది. పేరు చెప్పకున్నను శ్రోత కోయిలను గుర్తింపగలడు. అట్లయిన పేరు చేసిన పని యేమి? కోయిల యని మాత్రమే పేరుంచినచో అది నాదము చెప్పినదానినే తిరిగి చెప్పిన పునరుక్తి యగును. రచయిత కొమ్మలో కోయిల యన్నాడు. ఈ పేరు యొక్క సొగసు కోయిలలో లేదు, కొమ్మలో నున్నది. కొమ్మలోనున్న కోయిల కంటికి కనబడదు. చెవికి మాత్రమే దొరకును. వినుచున్నవాడు చెట్టుక్రింద నిలిచి తల యెత్తి వెదకుచున్నాడు. కొమ్మ ధ్వని కాదు కనుక దానిని వీణ పలుకజాలదు. నాదము చెప్పలేనిదానిని పేరు చెప్పినది. పేరు చూపలేనిదానిని నాదము వినిపించినది. ఈ రచనను లోకము ఆంగ్లమున కుక్కూ సాంగ్ అని కూడ పిలుచును. ఆ పేరులో పక్షి మిగిలినది, కొమ్మ పోయినది. అనువాదమున రచన చెడలేదు. కాని శ్రోత నిలుచుండు చోటు పోయినది.

భ్రమర విన్యాసమను పేరు మరియొక అడుగు ముందుకు వేసినది. భ్రమరమునకు ఝంకారము కలదు, అది ధ్వని. విన్యాసము చలనము, అది కంటికి కనబడునది. పేరు సగము చెవిని, సగము కంటిని పిలుచుచున్నది. ఇక ఆదర్శ శిఖరారోహణమును చూడుడు. ఆదర్శము ధ్వని కాదు. శిఖరమునకు కూడ ధ్వని లేదు. కాని ఆరోహణము సంగీతశాస్త్రములోని మాట. షడ్జము మొదలు తారస్థాయి షడ్జము వరకు స్వరములు క్రమముగా పైకి పోవుట ఆరోహణము, కొండనెక్కుటయు ఆరోహణమే. ఒకే మాట రెండు శాస్త్రములలో నిలిచి పేరును నాదముతో ముడివేసినది. అలంకారశాస్త్రపరిభాషలో దీనిని శ్లేష యనవలెను. ఈ పేరును మరియొక భాషలోనికి మార్చినచో కొండ మిగులును, శ్లేష నశించును. తెలుగు పదస్వభావము తెలిసినవానికే ఈ పేరు పూర్తిగా విప్పుకొనును. వాద్యరచనకు భాష లేదని, అది సర్వజనసామాన్యమని పలుకువారు ఈ ఉదాహరణమును చూచి తమ మాటను కొంత సవరించుకొనవలసి యున్నది. నాదము సర్వసామాన్యము కావచ్చును. పేరు మాత్రము ఒక భాషకు చెందినది.

ఈ విషయము మన దేశమునకే పరిమితమైనది కాదు. పాశ్చాత్యదేశములలో విద్యుత్ గిటారు, డ్రమ్ములు ప్రధానముగా గల రాక్ సంగీతము ప్రబలిన తొలినాళ్లలో గాయకుడు లేని బృందరచనలు విశేషముగా వెలువడినవి. వానిలో మూడింటి కథలు మన వాదమునకు ఉపకరించును. మొదటిది 1958లో లింక్ రే వాయించిన రంబుల్. ఆ పదమునకు నాటి అమెరికా వీధిభాషలో యువకుల ముఠాలు కలియబడి కొట్టుకొనుట యని అర్థము. రచనలో ఒక్క మాటయు లేకపోయినను, పేరును, ఆ గిటారు కరకుదనమును చూచి కొన్ని రేడియో కేంద్రములు దానిని ప్రసారము చేయుట మానుకొన్నవి. సాహిత్యములో దోషమున్నదని పాటను నిషేధించుట అందరు ఎరిగినదే. సాహిత్యమే లేని రచన ఈ విధముగా నిషేధమునకు గురియగుట విశేషము. అదే రచనకు వనవిహారమని పేరు పెట్టియున్నచో అంతటి భయము కలిగెడిదా? పేరే సాహిత్యమనుటకు ఇంతకంటె బలమైన నిదర్శనము కానరాదు.

రెండవది 1960లో షాడోస్ అను ఆంగ్లబృందము వాయించిన అపాచీ. జెర్రీ లోర్డన్ దీనిని రచించెను. 1954లో వచ్చిన అదే పేరుగల చలనచిత్రము దీనికి ప్రేరణ. అమెరికా ఆదివాసులలో ఒక తెగ పేరు చలనచిత్రమునకు, అచ్చటినుండి ఇంగ్లండులోని ఒక గిటారు రచనకు సంక్రమించినది. ఆ తెగవారి సంగీతమునకును ఈ రచనకును సంబంధము లేదు. ఇది ఎరువు తెచ్చుకొన్న పేరు. వినుటకు రచన ఎంత ఇంపైనదైనను, పేరు చెప్పు కథ ఆ తెగవారిది కాదు; వారిని గూర్చి ఇతరులు వెండితెరపై కల్పించుకొన్నది. పేరు పెట్టువానికి పెట్టబడినవారి యెడల కొంత బాధ్యత కలదను విషయము డప్పు దరువుల ప్రసక్తిలో మేము చెప్పినదే.

మూడవది 1962లో టోర్నడోస్ బృందము వాయించిన టెల్‌స్టార్. జో మీక్ దీని రచయిత. ఆ సంవత్సరము జూలై 10వ తేదీన ఆకాశమునకు పంపబడిన టెల్‌స్టార్ అను ప్రసార ఉపగ్రహము అట్లాంటిక్ మహాసముద్రపు ఇరుదరులను దూరదర్శన చిత్రములతో కలిపినది. కొలది వారములకే ఆ పేరుతో ఈ రచన వెలువడి ఇంగ్లండులోను, అమెరికాలోను అమ్మకములందు ప్రథమస్థానము నందుకొన్నది. ఉపగ్రహము 1963 ఫిబ్రవరిలో పనిచేయుట మానినది. వార్తలు పంపుటకు పుట్టినది మూగవోయినది. దాని పేరుతో పుట్టిన మాటలేని పాట నేటికిని పలుకుచున్నది. కాని నేటి యువశ్రోతకు టెల్‌స్టార్ అనగా ఏమో చెప్పవలసి యుండును. చెప్పనిచో ఆ రచనలోని ఉల్లాసము, భూమి విడిచి పైకి పోయిన కాలపు ఆశ్చర్యము, అతనికి కేవలము వేగముగల రాగముగా మాత్రమే తోచును. కథ జారిపోయిన పేరు శిలాశాసనములో అర్థము తెలియని పదము వంటిది.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. పేరును, కథను పట్టుకొని సంగీతమును వినుట అల్పశ్రోత లక్షణమనియు, నాదమునకు నాదమే విషయమనియు కొందరు పండితుల మతము. ఆస్ట్రియా దేశపు విమర్శకుడు ఎడ్వర్డ్ హాన్‌స్లిక్ 1854లో వెలువరించిన గ్రంథమున ఈ పక్షమును గట్టిగా ప్రతిపాదించెను. సంగీతము యొక్క విషయము చలించు నాదరూపములే యని ఆయన సిద్ధాంతము. ఈ పక్షమునకు బలము చేకూర్చు దృష్టాంతములు కూడ కలవు. బీథోవెన్ 1801లో రచించిన పియానో సొనాటాను లోకము వెన్నెల సొనాటా యని పిలుచును. ఆయన దానికి ఆ పేరు పెట్టలేదు. ఆయన 1827లో మరణించిన పిదప రెల్‌స్టాబ్ అను విమర్శకుడు అందలి మొదటి భాగమును సరస్సుపై వెన్నెలతో పోల్చెననియు, ఆ పోలికయే పేరుగా స్థిరపడెననియు చెప్పుదురు. నేడు శ్రోతలు తొలిభాగములో వెన్నెల చూచి తృప్తినొందుదురు. తుదిభాగములోని తుపాను వారి పేరులో ఇముడదు. పేరు ఇచ్చట సహాయము చేయక అడ్డు నిలిచినది.

ఈ ఆక్షేపణలోని సత్యమును మేము త్రోసిపుచ్చము. కాని ఇందువలన తేలునది పేరు అనవసరమని కాదు. పేరు ఎవరు పెట్టిరి, ఎప్పుడు పెట్టిరి యను విచారణ అవసరమని. కావ్యమునందు ప్రక్షిప్తపద్యములను వేరుచేయుట విమర్శకుని విధియైనట్లే, వాద్యరచనలయందు ప్రక్షిప్తనామములను వేరుచేయుటయు విధియే. కవి వ్రాసిన పద్యమును, లేఖకుడు చేర్చిన పద్యమును ఒకే తక్కెడలో తూచము గదా! రచయిత కూర్చిన పేరును, లోకము అంటించిన పేరును అట్లే వేరుచేసి తూచవలెను.

పేరు పెట్టుటలోని ఈ చిక్కునే పేరుగా చేసికొన్న రచన యొకటి మన కాలమున వెలువడినది. ఇళయరాజా 1986లో ప్రకటించిన వాద్యరచనల సంపుటికి హౌ టు నేమ్ ఇట్ అని పేరు. దీనికేమని పేరు పెట్టుట? అని దాని భావము. త్యాగరాజస్వామికిని, జర్మను స్వరకర్త బాఖ్‌నకును అంకితమైన ఆ సంపుటిలో కర్ణాటక రాగములు పాశ్చాత్య తంత్రీవాద్యబృందముతో కలిసి నడచును. పేరు తెలియదని ప్రశ్నించిన రచయిత లోపలి ఖండములకు మాత్రము చిన్న కథల వంటి పేర్లు పెట్టినాడు. ఒకదాని పేరునకు నా యింట బాఖ్‌ను కలిసితినని అర్థము. మరియొకదానికి చేంబర్ వాద్యబృందము త్యాగరాజుకు స్వాగతము పలుకుచున్నదని అర్థము. ఒకరి కాలమున ఒకరు జర్మనీలోను, వేరొక కాలమున వేరొకరు తిరువయ్యారులోను జీవించిరి. చరిత్రలో వారి కలయిక అసంభవము. నాదము మాత్రము ఆ కలయికను వినిపింపగలదు. కాని వినబడుచున్నది కలయిక యని శ్రోతకు తెలుపవలసినది పేరే. పేరు తీసివేసినచో రెండు పద్ధతుల మిశ్రమము మిగులును. పేరుతో వినినచో ఒకరింటికి ఒకరు అతిథిగా వచ్చిన మర్యాద వినబడును. పేరు కథ చెప్పి ఊరకుండక, రెండు సంప్రదాయములలో ఏది పెద్దదను తగవును కూడ నెమ్మదిగా తీర్చినది.

ఇంతవరకు నాదము మిగిలి, పేరు మారుటయో మరుగగుటయో సంభవించిన ఉదాహరణములను చూచితిమి. పేరు మిగిలి నాదము పోయిన ఉదాహరణము మా యూరిలోనే కలదు. కాకతీయ గణపతిదేవుని గజసైన్యాధిపతి జాయప 1253-54 ప్రాంతమున నృత్తరత్నావళిని సంస్కృతమున రచించెను. ఎనిమిది అధ్యాయముల ఆ గ్రంథమున మొదటి నాల్గును మార్గమును, తక్కిన నాల్గును దేశిని వివరించును. వి. రాఘవన్ పండితుడు దానిని పరిష్కరింపగా 1965లో మదరాసులో అచ్చయినది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి తెలుగుసేత 1969లో వెలువడినది. జాయప గీతవాద్యములపై కూడ గ్రంథములు రచించెనని పరిశోధకులు చెప్పుదురు, అవి లభింపలేదు. నృత్తమును గూర్చిన గ్రంథము నిలిచినది, వాద్యమును గూర్చినది నిలువలేదు. శార్ఙ్గదేవుడు చెప్పిన వరుసలో నడిమిమెట్టు విరిగినది.

దేశినృత్తములలో ఒకటి పేరణి. సంగీతశాస్త్రము దానికి ఘర్ఘరము, విషమము, భావాశ్రయము, కవిచారము, గీతము అను ఐదు అంగములను చెప్పినది. ఘర్ఘరము కాలిగజ్జెల ధ్వనిని వశపరచుకొని చూపు నేర్పు. అనగా మాటలేని వాద్యమే నర్తకుని పాదముననున్నది. గీతము ఐదంగములలో ఒకటి మాత్రమే. నటరాజ రామకృష్ణగారు నృత్తరత్నావళిని, పాలంపేట రామప్పగుడి శిల్పములను ఆధారముగా గొని పేరిణి శివతాండవమను పేర ఈ నృత్తమును పునర్నిర్మించి, 1985లో శివరాత్రినాడు రామప్పగుడిలో ప్రదర్శింపజేసిరి. 1213 నాటి ఆ ఆలయము 2021లో ప్రపంచవారసత్వపు పట్టికలో చేరినది. అందలి స్తంభములపై నర్తకీమణుల పక్కన మద్దెలగాండ్రు చెక్కబడియున్నారు. చేయి మద్దెలపై నున్నది, దెబ్బ వినబడదు. పునర్నిర్మాణమున అడుగులకును, భంగిమలకును శాస్త్రము, శిల్పము తోడైనవి. నాదమునకు మాత్రము ఊహయు, నేటి లయవిద్యయు తోడు కావలసివచ్చినది. ఇది రామకృష్ణగారి కృషికి కొరత కాదు. పోయిన నాదమును తిరిగి పలికించుట ఎంత దుష్కరమో ఇది తెలుపుచున్నది.

ఇంతలో ఆ పేరు చుట్టు ఒక కథ పెరిగినది. పేరిణి యనగా ప్రేరణయనియు, యుద్ధమునకు పోవు కాకతీయయోధులు శివుని యెదుట ఈ తాండవమాడి ఉత్సాహము పొందెడివారనియు నేడు వేదికలపై చెప్పుచుందురు. కథ రమ్యమైనది, ఓరుగంటి వీరచరిత్రకు తగినది. కాని శాస్త్రము పేరణిని దేశినృత్తవినోదములలో ఒకటిగా పేర్కొని, అందు వికృతరూపముల అనుకరణమునకు, హాస్యమునకు సైతము చోటిచ్చినది. నాదము లోపించిన చోట కథ వచ్చి కూర్చుండుట సహజము. యుద్ధకథను ప్రదర్శకులు విడువవలెనని మేము చెప్పము. అది ఈ కాలపు కథయని చెప్పి వినిపించిన చాలును. పేరునకు అర్థము చెప్పుట వేరు, పేరునుండి చరిత్రను సృష్టించుట వేరు.

ఈ విచారణవలన వాద్యరచనల విమర్శకు మూడు ప్రశ్నలు ఏర్పడుచున్నవి. పేరు ఎవరిది యనునది మొదటిది. రచయితదా, సందర్భముదా, లోకముదా? పేరు నాదము చెప్పినదానినే చెప్పుచున్నదా, చెప్పలేనిదానిని చెప్పుచున్నదా యనునది రెండవది. పేరు తీసివేసినను రచన నిలుచునా యనునది మూడవది. మూడవ ప్రశ్నకు నిలువదను సమాధానము వచ్చినచో అది సంగీతము కాదు, పేరునకు వేసిన బొమ్మ. నిలుచును గాని ఏదో తగ్గును అని సమాధానము వచ్చినచో అది ఉత్తమరచన. కొమ్మలో కోయిల ఈ పరీక్షకు నిలిచినది. ఆదర్శ శిఖరారోహణమును, టెల్‌స్టార్‌ను అట్లే నిలిచినవి. పెండ్లి దరువు నిలుచుటయే గాక, ఊరి నడుమ పందిరి లేకున్నను పందిరిని తలపింపజేయును.

కర్తవ్యమును గూర్చి ఒక మాట చెప్పి ముగింతుము. వినుకొండ వల్లభరాయని క్రీడాభిరామమున టిట్టిభసెట్టియు, గోవింద మంచనశర్మయు ఓరుగంటి వీధులలో తిరిగి చూచిన ఆటపాటలు ఆ కావ్యమువలన మనకు తెలిసినవి. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో వాద్యముల పేర్లను, రాగముల పేర్లను కూర్చియుంచెను. ఆ పేర్లలో అనేకములకు నేడు నాదము తెలియదు. ఆ కవులు చేయగలిగినది పేరు నిలుపుట; ధ్వనిని నిలుపు సాధనము వారికి లేదు. నేడు మనకు ధ్వనిని నిలుపు యంత్రము ప్రతివాని చేతిలో నున్నది. కాని ధ్వనికి పేరు, పేరునకు కథ చేర్చి వ్రాసియుంచు ఓపిక లోపించినది. పెండ్లి ఊరేగింపులలో పెట్టెలనుండి వెలువడు యంత్రధ్వని పెరిగినకొలది డప్పు దరువుల భేదములు తెలిసినవారు తగ్గుచున్నారు. దరువును ముద్రించుకొని, దాని పేరును, ఆ పేరును వాయించువాడు ఎట్లు చెప్పునో ఆతని మాటలలోనే వ్రాసికొని, ఆతని పేరుతో భద్రపరచుట మా వంటి శాఖలు చేయదగిన పని. ఆతని పేరు లేక దరువు పేరు మాత్రము నిలిపినచో పూర్వులు చేసిన తప్పునే మనము శాస్త్రీయముగా చేసినట్లగును. రామప్పగుడి మద్దెలగాని చేయి మీద దెబ్బ ఏమో అడుగుటకు ఎనిమిది వందల యేండ్లు ఆలస్యమైనది. మన యెదుట సిర్ర పట్టినవానిని అడుగుటకు ఇంకను సమయము కలదు.